నీరసం తగ్గి రోజంతా ఓపిక నిలవాలంటే ఏం చేయాలి? మహిళల కోసం ఆరు వారాల పద్ధతి

"ఎనిమిది గంటలు పడుకున్నా పొద్దున లేవబుద్ధి కావడం లేదు." "సాయంత్రం నాలుగయ్యేసరికి ఒంట్లో సత్తువంతా ఎవరో లాగేసినట్టు ఉంటోంది." "ఏం తింటే ఓపిక వస్తుంది?" మహిళలు నన్ను మళ్లీ మళ్లీ అడిగేవి ఈ మూడే. అందుకే జవాబంతా ఒకచోట రాస్తున్నాను.

మూడో ప్రశ్నకు ఒక వస్తువు పేరు చెప్పేసి ఊరుకోవడం తేలికే. కానీ దానివల్ల మీకు మేలు జరగదు. ఒకరికి ఓపిక పోయేది నెలసరిలో, ఇంకొకరికి నిద్రలో, మరొకరికి ఇంటి పని పంచుకునే మనిషి లేకపోవడంలో. ఎక్కడ పోతోందో ముందు కనిపెట్టాలి. ఆ తర్వాత ఒక్కో మార్పు చేసి, ఫలితం చూసుకుంటూ వెళ్లాలి. కింద రాసిన వరుస అందుకే.

ముందుగా ఒక హెచ్చరిక

కింది వాటిలో ఏ ఒక్కటి ఉన్నా ఈ పద్ధతి పక్కన పెట్టి ముందు డాక్టర్‌ను కలవండి:

- నాలుగు మెట్లు ఎక్కినా ఆయాసం, ఛాతీలో నొప్పి, గుండె దడ, కళ్లు తిరిగి పడిపోవడం
- ప్రయత్నించకుండానే బరువు తగ్గిపోవడం, విడవని జ్వరం, రాత్రిళ్లు బట్టలు తడిసేంత చెమట
- నల్లగా తారులాంటి మలం
- నెలసరి పూర్తిగా ఆగిపోయాక మళ్లీ రక్తం కనిపించడం
- నిన్నటిదాకా బాగానే ఉండి ఒక్కసారిగా మంచం దిగలేనంత నీరసం
- రెండు వారాలకు పైగా దేనిమీదా ఆసక్తి లేకపోవడం, బతకాలనిపించకపోవడం. ఇది బద్ధకం కాదు. చికిత్స ఉన్న జబ్బు. ఈ రోజే ఎవరికైనా చెప్పండి.

గర్భిణులు, బిడ్డకు పాలిస్తున్నవారు, షుగర్ లేదా గుండె జబ్బుకు మందులు వాడుతున్నవారు ఆహారంలో, వ్యాయామంలో పెద్ద మార్పులు చేసేముందు తమ డాక్టర్‌కు ఒక మాట చెప్పాలి.

కావలసినవి

ఒక చిన్న నోటుబుక్కు, పెన్ను. ఏడాది లోపు చేయించిన రక్త పరీక్షల రిపోర్టులు ఉంటే అవి. నీళ్ల సీసా. రోజుకు పది నిమిషాల నడకకు చోటు. ఇంట్లో మీ మాట వినే మనిషి ఒకరు. ఆరు వారాల ఓర్పు. డబ్బాల్లో దొరికే పొడులు, "ఎనర్జీ" మాత్రలు ఈ జాబితాలో లేవు, అవసరం లేదు కాబట్టి.

1. ఏడు రోజులు ఏమీ మార్చకుండా రాయండి

చాలామంది దాటేసేది ఈ మెట్టునే. దయచేసి దాటకండి.

రోజుకు నాలుగుసార్లు (లేవగానే, మధ్యాహ్న భోజనానికి ముందు, సాయంత్రం నాలుగు గంటలకు, పడుకునేముందు) మీ ఓపికకు 0 నుంచి 10 లోపు ఒక మార్కు వేయండి. 0 అంటే కుర్చీలోంచి లేవలేని స్థితి. 10 అంటే ఇంకో రెండు పనులు ఎవరైనా చెప్పినా చేయగలిగే హుషారు. ఆలోచించి వేయకండి, మనసులో మొదట వచ్చిన అంకె రాయండి. పక్కన ఇవి కూడా క్లుప్తంగా రాయండి: ఎన్నింటికి పడుకున్నారు, ఎన్నింటికి లేచారు, రాత్రి ఎన్నిసార్లు మెలకువ వచ్చింది, ఆ రోజు మొదటిసారి ఎన్నింటికి తిన్నారు, కాఫీ లేదా టీ ఎన్ని కప్పులు ఎప్పుడెప్పుడు తాగారు, నెలసరి మొదలై ఎన్నో రోజు.

ఇంకొకటి, అన్నిటికంటే ముఖ్యమైనది. మార్కు 4 కంటే తక్కువ వేసిన ప్రతిసారీ మిమ్మల్ని మీరు అడగండి: "ఇప్పుడు నిద్ర ముంచుకొస్తోందా, లేక నిద్ర రావట్లేదు కానీ ఓపిక లేదా?" నిద్ర అయితే 'ని' అని, ఓపిక లేకపోతే 'ఓ' అని రాయండి. రెండూ ఒకటే అనుకుంటాం. కాదు. కూర్చున్నచోటే కునుకు పడుతుంటే లోపం నిద్రలో ఉండే అవకాశం ఎక్కువ. పడుకున్నా కునుకు పట్టదు, కానీ చేతులు బరువెక్కి, పని ముందుకు సాగదు అంటే ఐరన్, థైరాయిడ్, తిండి చాలకపోవడం, మనసు మీది భారం లాంటివి చూడాలి.

వారం తర్వాత పేజీలు తిరగేయండి. మధ్యాహ్నం ఒకటి నుంచి మూడు మధ్య కొంచెం మందగించడం శరీరంలోని గడియారం చేసే సహజమైన పని, దానికి భయపడక్కర్లేదు. లేవగానే వేసిన మార్కు రోజూ తక్కువగా ఉందంటే మాత్రం దాన్ని తేలిగ్గా తీసుకోకండి.

నెలసరి వచ్చేవారికి ఒక్క వారం రాతతో బొమ్మ పూర్తి కాదు. రోజుకు ఒక్క మార్కయినా రెండు నెలసరుల పాటు రాస్తూ ఉండండి. నెలసరికి ముందు వారం పది రోజుల్లో ప్రొజెస్టెరాన్ అనే హార్మోన్ వల్ల శరీర ఉష్ణోగ్రత సుమారు 0.3 నుంచి 0.5 డిగ్రీల సెల్సియస్ పెరుగుతుంది, కొందరికి నిద్ర పలచబడుతుంది. ఆ రోజుల్లో మార్కులు పడిపోవడం కాగితం మీద కనిపిస్తే, బరువైన పనులను ఆ వారంలోంచి తప్పించుకోవచ్చు.

2. రక్త పరీక్షను వాయిదా వేయకండి

"సహజంగా తగ్గించుకోవాలి" అనుకునేవాళ్లు పరీక్ష అనగానే వెనక్కి తగ్గుతారు. పరీక్ష చేయించుకోవడం మందు వేసుకోవడం కాదు కదా. లోపం ఏమిటో తెలిస్తేనే తిండితో సరిదిద్దగలమా లేదా అన్నది తేలుతుంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో దాదాపు 30 శాతం మందికి రక్తహీనత ఉంది. ఇంత మందికి ఉన్నదాన్ని ఊహతో వదిలేయకూడదు. డాక్టర్‌తో మాట్లాడి వీటిని చేయించుకోండి: హిమోగ్లోబిన్‌తో సహా పూర్తి రక్త పరీక్ష, ఫెరిటిన్, టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పరీక్ష), విటమిన్ బీ12, రక్తంలో చక్కెర. విటమిన్ డి అవసరమా అన్నది డాక్టర్ చెబుతారు.

రిపోర్టు చూసేటప్పుడు గుర్తుంచుకోవాల్సినవి:

గర్భం లేని వయోజన మహిళకు హిమోగ్లోబిన్ డెసిలీటరుకు 12 గ్రాముల కంటే తక్కువ ఉంటే రక్తహీనత అంటారు. 12.3 వచ్చిందని ఊరట పడి రిపోర్టు మడిచి పెట్టేస్తారు చాలామంది. ఫెరిటిన్ అంటే శరీరం దాచుకున్న ఐరన్ నిల్వ. హిమోగ్లోబిన్ పడిపోకముందే ఈ నిల్వ ఖాళీ అవుతుంది, నీరసం అప్పుడే మొదలవ్వచ్చు. లీటరుకు 15 మైక్రోగ్రాముల కంటే తక్కువ ఉంటే ఐరన్ లోపమేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. 30 కంటే తక్కువ ఉన్నా లోపంగానే చూసే వైద్యులు చాలామంది ఉన్నారు. కాబట్టి "హిమోగ్లోబిన్ నార్మల్" అన్న మాటతో ఆగకుండా ఫెరిటిన్ ఎంతో అడగండి.

జ్వరం, ఇన్ఫెక్షన్ ఉన్నప్పుడు ఫెరిటిన్ ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది. తగ్గాక చేయించుకోండి.

జుట్టు, గోళ్ల కోసం బయోటిన్ మాత్రలు వాడుతుంటే ఆ సంగతి డాక్టర్‌కు, ల్యాబ్‌లో కూడా చెప్పండి. బయోటిన్ థైరాయిడ్ పరీక్ష ఫలితాన్ని తప్పుగా చూపించగలదు. పరీక్షకు ఎన్ని రోజుల ముందు ఆపాలో వాళ్లే చెబుతారు.

మాంసాహారం తిననివారు, షుగర్‌కు మెట్‌ఫార్మిన్ వాడేవారు, గ్యాస్ కోసం ఏళ్ల తరబడి మాత్రలు వేసుకునేవారు బీ12 తప్పక చూపించుకోవాలి. అరికాళ్లలో, వేళ్లలో తిమ్మిర్లు ఉంటే ఆలస్యం చేయకండి. బీ12 లోపం ముదిరితే నరాలకు జరిగే నష్టం పూర్తిగా నయం కాకపోవచ్చు.

హెచ్చరిక: పరీక్ష లేకుండా ఐరన్ మాత్రలు మొదలుపెట్టకండి. లోపం లేనివారికి వాటివల్ల ఓపిక పెరగదు. కొందరికి ఐరన్ ఒంట్లో పేరుకుపోయే జబ్బు ఉంటుంది, వాళ్లకు హాని. ఇంట్లో ఉన్న ఐరన్ మాత్రలు చిన్నపిల్లలకు అందకుండా పెట్టండి. ఎక్కువ మింగితే పిల్లల ప్రాణం మీదికి వస్తుంది.

3. ఐరన్ ఒంటికి పట్టేలా తినండి

దీని గురించి కాస్త ఎక్కువగా రాస్తాను. మహిళల నీరసంలో తిండితో మనం చేయగలిగింది ఎక్కువగా ఇక్కడే ఉంది.

లెక్క చూడండి. ఒక మిల్లీలీటరు రక్తంతో పాటు సుమారు అర మిల్లీగ్రాము ఐరన్ బయటికి పోతుంది. నెలసరిలో 80 మిల్లీలీటర్ల రక్తం పోతే 40 మిల్లీగ్రాములు పోయినట్టే. అందుకే అమెరికా పోషకాహార ప్రమాణాలు 19 నుంచి 50 ఏళ్ల మహిళకు రోజుకు 18 మిల్లీగ్రాముల ఐరన్ చెబితే, అదే వయసు పురుషుడికి 8 చాలంటాయి. ఇంట్లో అందరూ ఒకే తిండి తింటున్నా మీకే నీరసం ఎందుకు వస్తోందో దీన్నిబట్టి అర్థమవుతుంది.

ఎంత తిన్నాం అన్నదానికంటే ఎంత ఒంటపట్టింది అన్నది ముఖ్యం. మాంసం, చేపల్లోని ఐరన్ తేలిగ్గా ఒంటపడుతుంది. శనగలు, పప్పుధాన్యాలు, నువ్వులు, ఆకుకూరలు, గింజల్లోని ఐరన్ కష్టంగా ఒంటపడుతుంది. దాన్ని పెంచుకునే దారులు ఇవి:

అ) ఐరన్ ఉన్న ప్రతి భోజనంలో విటమిన్ సి ఉన్నది ఒకటి పెట్టుకోండి. నిమ్మరసం, టమాటా, నారింజ, జామ, క్యాప్సికం ఏదైనా సరే. నిమ్మరసాన్ని ఉడుకుతున్న కూరలో కాకుండా దించాక పిండండి. వేడికి విటమిన్ సి తగ్గిపోతుంది.

ఆ) భోజనంతో పాటు, భోజనం అవ్వగానే టీ, కాఫీ తాగకండి. కనీసం గంట ఎడం ఇవ్వండి. ఈ ఒక్క అలవాటు మార్చడానికి ఖర్చేమీ లేదు, అయినా చాలామంది చివరిదాకా వాయిదా వేసేది దీన్నే.

ఇ) క్యాల్షియం మాత్రను ఐరన్ ఎక్కువగా ఉన్న భోజనంతో కలిపి వేసుకోకండి. వేరే పూటకు మార్చుకోండి.

ఈ) శనగలు, చిక్కుడు గింజల లాంటివి నానబెట్టి, వీలైతే మొలకెత్తించి వండండి. ఐరన్‌ను పట్టి ఉంచే ఫైటేట్లు తగ్గుతాయి.

ఉ) టమాటా లాంటి పుల్లని కూరలను ఇనుప మూకుడులో వండితే ఇనుము కొంత కూరలోకి దిగుతుంది. నాన్‌స్టిక్, స్టీలు పాత్రలతో ఈ లాభం లేదు.

పాలకూర ఒక్కటే నమ్ముకోవద్దు. అందులో ఐరన్ ఉన్న మాట నిజమే, కానీ అది ఒంటపట్టేది తక్కువ.

నిల్వ బాగా ఖాళీ అయితే తిండి ఒక్కదానితో నింపడం కష్టం. డాక్టర్ మాత్రలు రాస్తే "సహజం కాదు" అని మానకండి. మాత్ర వల్ల వికారం, మలబద్ధకం ఉంటే చెప్పండి, రోజు విడిచి రోజు వేసుకునే పద్ధతి కూడా ఉంది. ఐరన్ వేసుకున్నాక హెప్సిడిన్ అనే హార్మోన్ పెరిగి దాదాపు ఒక రోజు పాటు తర్వాతి మోతాదు ఒంటపట్టకుండా అడ్డుపడుతుంది. ఎడం ఇస్తే అందుకే మేలు. థైరాయిడ్ మాత్ర వేసుకునేవారు దానికీ ఐరన్ మాత్రకూ మధ్య నాలుగు గంటలు ఎడం ఉంచాలి.

ఇదంతా చేస్తూ, నెలసరిలో పోయేది ఆపకపోతే శ్రమంతా వృథా. ప్యాడ్ గంటా రెండు గంటలకే తడిసిపోవడం, రెండున్నర సెంటీమీటర్ల కంటే పెద్ద గడ్డలు పడటం, ఏడు రోజులు దాటినా ఆగకపోవడం, రాత్రి ప్యాడ్ మార్చడానికే లేవాల్సి రావడం అధిక రక్తస్రావం లక్షణాలు. "మా అమ్మకూ ఇలాగే అయ్యేది" అని సర్దుకుపోకండి. చికిత్స ఉంది.

4. లేచిన గంటలోపు వెలుతురు, రెండు గంటల్లోపు తిండి

ఇంట్లో లైటు కింద వెలుతురు సాధారణంగా కొన్ని వందల లక్స్ (వెలుతురును కొలిచే ప్రమాణం) మించదు. బయట, ఆకాశం మబ్బుగా ఉన్నా, వేలల్లో ఉంటుంది. శరీరంలోని గడియారం సరిపడేది బయటి వెలుతురుతోనే. లేచిన గంటలోపు పది, పదిహేను నిమిషాలు బయట నిలబడండి, నడవండి, మొక్కలకు నీళ్లు పోయండి, ఏదైనా సరే. బయటికి వెళ్లే వీలు లేకపోతే కిటికీ తెరిచి దాని పక్కనే కూర్చోండి. కిటికీ అద్దం వెలుతురును కొంత తగ్గిస్తుంది కాబట్టి తెరవడం మేలు.

మొదటి తిండిలో మాంసకృత్తులు ఉండాలి: గుడ్లు, పెరుగు, పప్పు, మొలకలు, వేరుశనగ. వట్టి పిండి పదార్థం, తీపి తింటే చాలామందికి రెండు గంటల్లో మళ్లీ ఆకలి, ఆ వెంటే నీరసం. అందరికీ వడ్డించి ఆఖర్న మిగిలింది నిలబడి తినడం మీ పుస్తకంలో కనిపిస్తే, మార్చాల్సింది అదే. మీ వంతు ముందే తీసి పక్కన పెట్టుకోండి.

బరువు తగ్గాలని తక్కువ తింటూ, పైగా ఓపిక లేదని బాధపడేవారికి ఒక మాట. శరీరానికి అందేది చాలకపోతే అది ఖర్చు తగ్గించుకుంటుంది. నెలసరి క్రమం తప్పడం, చలి వేస్తూ ఉండటం, జుట్టు రాలడం ఆ గుర్తులు. అప్పుడు ఇంకా తగ్గించడం కాదు, పెంచాలి.

నీళ్ల గురించి పెద్దగా చెప్పేది లేదు. మూత్రం లేత పసుపు రంగులో ఉంటే చాలు. ముదురుగా ఉంటే తాగండి. బరువులో ఒకటిన్నర శాతం లోపు నీరు తగ్గినా ఆరోగ్యంగా ఉన్న యువతుల్లో అలసట, తలనొప్పి పెరిగినట్టు 2012లో ప్రచురితమైన ఒక పరిశోధనలో కనిపించింది. దాహం వేసేదాకా పని వదలనివారు సీసా ఎదురుగా పెట్టుకోండి.

5. కాఫీ, టీ మానక్కర్లేదు, సమయం మార్చండి

మొదటి కప్పు తాగే సమయం కంటే ఆఖరి కప్పు తాగే సమయం ముఖ్యం. కెఫీన్ సగం తగ్గడానికి సగటున అయిదు గంటలు పడుతుంది. గర్భనిరోధక మాత్రలు వాడేవారిలో ఇంకా ఎక్కువ, గర్భిణుల్లో మరీ ఎక్కువ. పడుకునే ఆరు గంటల ముందు ఎక్కువ మోతాదు కెఫీన్ తీసుకున్నా నిద్ర గంటకు పైగా తగ్గినట్టు పరిశోధనలో తేలింది. తమాషా ఏమిటంటే, నిద్ర తగ్గిన సంగతి వాళ్లకు సరిగా తెలియనే లేదు. "నాకు టీ తాగినా నిద్ర పడుతుంది" అనేవారు ఇది గమనించాలి. పట్టడం వేరు, గాఢంగా పట్టడం వేరు.

రాత్రి పది గంటలకు పడుకునేవారు మధ్యాహ్నం రెండు తర్వాత ఆపేయండి. ఆరోగ్యవంతులకు రోజుకు 400 మిల్లీగ్రాముల కెఫీన్ హద్దు, గర్భిణులకు 200. ఒక కప్పు కాఫీలో సుమారు 80 నుంచి 100, టీలో 30 నుంచి 50 ఉంటుంది.

ఒక్కసారిగా మానేస్తే తలనొప్పి, చిరాకు, ఇంకా నీరసం వస్తాయి. రెండు మూడు రోజులకు ఒక కప్పు చొప్పున తగ్గించండి. తాగాలనే అలవాటు చేతికి ఉంటే సాయంత్రం కప్పులో వేడి నీళ్లు, పాలు, కెఫీన్ లేని ఏ కషాయమైనా పోసుకోండి.

6. నీరసంగా ఉన్నప్పుడే పది నిమిషాలు కదలండి

ఓపిక వచ్చాక వ్యాయామం చేద్దాం అనుకుంటే ఆ రోజు రాదు. 2017లో జార్జియా విశ్వవిద్యాలయం వారు నిద్ర చాలని యువతులను పరీక్షించారు. పది నిమిషాలు మామూలు వేగంతో మెట్లు ఎక్కి దిగడం, 50 మిల్లీగ్రాముల కెఫీన్ కంటే ఎక్కువ హుషారునిచ్చింది. ఆ హుషారు ఎక్కువసేపు నిలవలేదు, నిజమే. కానీ నాలుగు గంటల టీకి బదులుగా వాడుకోవడానికి అది చాలు.

నడక మొదలుపెట్టిన మొదటి వారం: రోజూ పది నిమిషాల నడక, అది కూడా మీ పుస్తకంలో మార్కు తక్కువగా పడే సమయానికి అరగంట ముందు. మాట్లాడగలిగే, పాట పాడలేని వేగం చాలు. రెండో వారం నుంచి భోజనం తర్వాత ఇంకో పది నిమిషాలు కలపండి, తిన్నాక చక్కెర ఒక్కసారిగా పెరగకుండా ఉంటుంది. మూడో వారం నుంచి వారానికి రెండు రోజులు కండరాలకు పని: కుర్చీలోంచి చేతుల సాయం లేకుండా పదిసార్లు లేచి కూర్చోవడం, గోడకు చేతులానించి పదిసార్లు తోయడం. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే గమ్యం వారానికి 150 నిమిషాల మోస్తరు శ్రమ, రెండు రోజుల కండరాల వ్యాయామం. అక్కడికి చేరడానికి నెలలు పట్టినా పర్వాలేదు.

హెచ్చరిక: తేలికపాటి నడకకే మర్నాడు మంచాన పడేంతగా ఒళ్లు కూలబడుతోందంటే, ముఖ్యంగా ఏదైనా వైరస్ జ్వరం తర్వాత అలా మొదలైతే, పట్టుబట్టి పెంచకండి. ఆపి డాక్టర్‌తో చెప్పండి. ఆ పరిస్థితిలో బలవంతపు వ్యాయామం మేలు చేయదు.

మోకాళ్ల నొప్పులుంటే కుర్చీలో కూర్చునే కాళ్లు చాపి ముడవడం, చేతులు పైకెత్తి దించడం చేయండి. హిమోగ్లోబిన్ బాగా తక్కువుంటే అది పెరిగేదాకా నడకతోనే ఆగండి.

7. నిద్రను పడుకునే సమయంతో కాదు, లేచే సమయంతో సరిచేయండి

"పదికల్లా పడుకోవాలి" అని పెట్టుకున్న నియమం పనుల వల్ల రోజూ విరిగిపోతుంది. లేచే సమయం మీ చేతిలో ఉంటుంది. సెలవు రోజుతో సహా అదే సమయానికి లేవండి, గంటకు మించి తేడా రానివ్వకండి. కొద్ది రోజుల్లో రాత్రి నిద్ర దానంతటదే ముందుకు జరుగుతుంది. పెద్దవారికి ఏడు గంటలైనా కావాలి.

ఫోన్ పడకగదిలో ఉంటే అలారానికి వేరే గడియారం కొనుక్కోండి. పగలు కునుకు తీయాలంటే ఇరవై నిమిషాలు, అదీ మూడు గంటల లోపు. అంతకు మించితే లేచాక మత్తు వదలదు, రాత్రి నిద్ర రాదు.

పసిబిడ్డల తల్లులకు ఈ నియమాలు చెప్పడం అన్యాయం. వాళ్లకు పనికొచ్చేది ఒక్కటే: రాత్రిని ఇద్దరు పెద్దవాళ్లు పంచుకోవడం. పాలు పట్టడం మీరే అయినా, ఎత్తుకోవడం, జోకొట్టడం, గుడ్డలు మార్చడం ఇంకొకరు చేయగలరు. నాలుగైదు గంటలు వరుసగా పడే నిద్ర, ముక్కలైన ఏడు గంటల కంటే ఎక్కువ తేరుకోనిస్తుందని తల్లులు చెబుతారు. ప్రసవమైన ఏడాది లోపు నీరసం పోకపోతే థైరాయిడ్, ఐరన్ రెండూ చూపించుకోండి.

రాత్రి పడుకోగానే కాళ్లలో ఏదో పాకుతున్నట్టు ఉండి, కదపకుండా ఉండలేకపోతే దానికి తక్కువ ఐరన్ నిల్వ కారణం కావచ్చు. ఇది చెప్పకపోతే డాక్టర్‌కు తెలియదు. అలాగే నిద్రలో శ్వాస ఆగే జబ్బు మగవాళ్లదే అనుకుంటారు. నెలసరి ఆగిన తర్వాత మహిళల్లోనూ పెరుగుతుంది. పెద్ద గురక లేకుండా పగటి నీరసం, పొద్దున తలనొప్పి, రాత్రి మెలకువలుగా మాత్రమే కనబడవచ్చు. నలభై దాటాక వేడి ఆవిర్లతో నిద్ర చెదురుతుంటే "వయసు" అని వదలకుండా అడగండి.

8. ఒక పనిని పూర్తిగా దించుకోండి

ఇది లేకుండా పై ఏడూ సగమే పనిచేస్తాయని నా గట్టి నమ్మకం. ఒక్క కాగితం మీద మీరు చేసే పనులే కాదు, మీరు గుర్తుపెట్టుకునే పనులన్నీ రాయండి: ఏ సరుకు అయిపోతోంది, పిల్లల టీకా ఎప్పుడు, ఎవరి మందులు నిండుకున్నాయి, బిల్లు కట్టే తేదీ ఏది. మనసులో తిరిగే ఈ లెక్కలకు కూడా ఓపిక ఖర్చవుతుంది.

అందులోంచి ఒక పనిని ఎంచుకుని ఇంట్లో ఇంకొకరికి మొత్తంగా అప్పజెప్పండి. మొత్తంగా అంటే గుర్తుచేయాల్సిన బాధ్యత కూడా వాళ్లదే. "కాస్త సాయం చేయండి" అంటే మీరు మేనేజరుగా మిగిలిపోతారు. "ఇకనుంచి మందులు తెప్పించడం, అయిపోకముందే చూసుకోవడం మీది" అనండి. వాళ్లు మీలా చేయరు. మొదటి రెండు వారాలు తప్పులూ జరుగుతాయి. మధ్యలో వెళ్లి సరిచేయకండి, ఆ పని మళ్లీ మీ దగ్గరికే వచ్చేస్తుంది.

ఒంటరిగా ఉండేవారు, పంచుకునే మనిషి లేనివారు జాబితాలోంచి ఒక పనిని మానేయండి. ప్రతి రోజూ చేసేది వారానికి మూడుసార్లకు తగ్గించండి. దానివల్ల ఎవరికీ ఏమీ కాకపోతే అలాగే ఉంచేయండి.

ఏ వారం ఏది

మొదటి వారం రాత, రక్త పరీక్ష. రెండో వారం భోజనానికీ టీకీ మధ్య ఎడం, వెలుతురు, మొదటి తిండి. మూడో వారం కెఫీన్ సమయం. నాలుగో వారం నడక. అయిదో వారం లేచే సమయం. ఆరో వారం పని అప్పగింత. రాతలో మీ లోపం స్పష్టంగా కనిపిస్తే ఆ మెట్టును ముందుకు తెచ్చుకోండి.

ఎక్కువగా జరిగే పొరపాట్లు

అన్నీ ఒకే సోమవారం మొదలుపెట్టి గురువారానికి మానేయడం మొదటిది. ఒకవేళ మానకపోయినా, దేనివల్ల మేలు జరిగిందో తెలియదు.

బాగున్న ఒక్క రోజున మిగిలిపోయిన పనులన్నీ చేసేయడం ఇంకొకటి. మర్నాడు, ఆ పైరోజు పడిపోతారు. మార్కు 8 వచ్చిన రోజున కూడా మామూలుగా చేసే పనికి ఒకటే కలపండి.

"సహజం" అని రాసి ఉంది కదా అని మూలికా మాత్రలు వేసుకోవడం ప్రమాదకరమైన పొరపాటు. కొన్ని కాలేయాన్ని దెబ్బతీసిన సందర్భాలు ఉన్నాయి, కొన్ని థైరాయిడ్ మందులతో, రక్తం పలచబడే మందులతో పడవు. గర్భిణులు అసలే ముట్టుకోకూడనివీ వాటిలో ఉన్నాయి. వాడుతూనే ఉంటే సీసాతో సహా డాక్టర్‌కు చూపించండి.

ఐరన్ మాత్ర మొదలుపెట్టి పది రోజుల్లో ఓపిక రాలేదని ఆపేయడం కూడా చాలా చోట్ల చూస్తాం. లోపం సరిపోయే తీరు వేరే. దాని గురించి కిందే చెబుతున్నాను.

ఫలితం వచ్చిందో లేదో ఎలా చూసుకోవాలి

"కాస్త బాగున్నట్టే ఉంది" అన్న మాటను నమ్మకండి. ఆరో వారంలో మళ్లీ ఏడు రోజులు నాలుగు పూటలా మార్కులు వేయండి. మొదటి వారం మార్కులన్నీ కూడి 28తో భాగించండి, ఆరో వారానివీ అలాగే. సగటు ఒకటిన్నర, రెండు పెరిగితే మార్పు నిజమే. నెలసరి వచ్చేవారు మొదటి వారం నెలసరిలో ఎన్నో రోజుల్లో పడిందో, పోల్చే వారం కూడా ఆ రోజుల్లోనే పడేలా చూసుకోండి. ఒక వారం అటూ ఇటూ జరిపినా ఫర్వాలేదు. లేకపోతే పోలిక చెడుతుంది.

మార్కులతో పాటు రోజూ చేసే ఒక పనిని కొలతగా పెట్టుకోండి. అవే మెట్లు ఎక్కాక ఆగి ఊపిరి పీల్చుకోవాల్సి వస్తోందా, సాయంత్రం పనయ్యాక పది నిమిషాలు కూర్చుంటే తేరుకుంటున్నారా అన్నది చాలు.

కెఫీన్, వెలుతురు, లేచే సమయం మార్చినదానికి ఫలితం ఒకటి రెండు వారాల్లో కనిపిస్తుంది. నడకకు మూడు నాలుగు వారాలు. ఐరన్‌కు ఇంకా ఎక్కువ: మాత్రలు సరిగా పనిచేస్తే హిమోగ్లోబిన్ రెండు నుంచి నాలుగు వారాల్లో సుమారు ఒక గ్రాము పెరుగుతుంది, మామూలు స్థాయికి వచ్చాక కూడా నిల్వ నిండడానికి మరో మూడు నెలలు వాడమంటారు. మధ్యలో రంగు మారిన మలం చూసి కంగారు పడకండి, ఐరన్ మాత్రలతో ముదురు రంగు మామూలే. మాత్ర వేసుకోనివారికి నల్లటి మలం వచ్చినా, వేసుకునేవారికైనా తారులా జిగటగా వచ్చినా అది ప్రమాద సూచనే.

ఆరు వారాల తర్వాత కూడా సగటు కదలకపోతే తప్పు మీది కాదు, కారణం ఇంకా దొరకలేదంతే. ఆ పుస్తకం తీసుకుని డాక్టర్ దగ్గరికి వెళ్లండి. మొదటి పేజీలో ఈ అయిదూ ఒకే చోట రాసుకెళ్తే రెండు నిమిషాల్లో విషయం వాళ్లకు అందుతుంది:

- నీరసం ఎప్పటినుంచి, రోజులో ఏ పూట ఎక్కువ
- 'ని' ఎన్నిసార్లు, 'ఓ' ఎన్నిసార్లు
- నెలసరి ఎన్ని రోజులు, ప్యాడ్లు ఎన్ని, గడ్డలు పడతాయా
- వాడుతున్న మందులు, మాత్రలు, పొడులు అన్నీ
- ఈ ఆరు వారాల్లో ఏం మార్చారు, దేనికి ఎంత ఫలితం వచ్చింది

"ఆడవాళ్లకు ఇది మామూలే" అని ఎవరైనా తీసిపారేస్తే, అంకెలున్న పేజీ తెరిచి చూపించి, "మొదటి వారం ఇంత, ఇప్పుడు ఇంత, ఇంకా ఏ పరీక్ష చేయాలో చెప్పండి" అని అడగండి. జవాబు రాకపోతే ఇంకో డాక్టర్‌ను అడగండి.